సియాటిల్ వేసవిలో పిల్లలతో ఈతకు: లేక్‌లో దిగాలా, ఉప్పునీళ్ళలో దిగాలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గత చలికాలంలో హైదరాబాద్ నుంచి సియాటిల్ పక్కనున్న బెల్‌వ్యూ వచ్చారు. పాపకు పదేళ్ళు, అపార్ట్‌మెంట్ పూల్‌లో కాస్త ఈత నేర్చుకుంది. బాబుకు ఆరేళ్ళు, ఇంకా రాదు. జులైలో రాజమండ్రి నుంచి మీ అమ్మానాన్నలు వస్తున్నారు, అమ్మగారు సముద్ర స్నానం చేయాలని అంటున్నారు. క్లబ్బులూ మెంబర్‌షిప్‌లూ లేకుండా అందరూ వెళ్ళగలిగే పబ్లిక్ బీచుల్లో ఎక్కడ దిగొచ్చు, లేక్ మంచిదా సముద్రం మంచిదా అన్నది మీ సందేహం.

ఈత కొట్టడానికైతే లేక్. అదీ జులై, ఆగస్టు నెలల్లో, లైఫ్‌గార్డు ఉన్న చోట. సముద్రమైతే ఒడ్డున ఆడుకోవడానికి, కాళ్ళు తడుపుకోవడానికి, సాయంత్రం కూర్చోవడానికి. అమ్మగారి స్నానానికి దారి ఉంది, చివర్లో చెబుతాను. ఇలా గీత గీసి ఎందుకు చెబుతున్నానో తెలియాలంటే ఇక్కడి నీళ్ళ గురించి కొంచెం వివరంగా మాట్లాడుకోవాలి.

నేను 2009 నుంచి రెడ్మండ్‌లో ఉంటున్నాను. కోనసీమలో కాలువలో ఈత నేర్చుకున్నవాడిని. ఎండాకాలం సెలవులంటే పొద్దున్నుంచి కాలువలోనే ఉండేవాళ్ళం, అటు ఒడ్డుకు, ఇటు ఒడ్డుకు ఎన్నిసార్లు ఈదామో లెక్కుండేది కాదు. ఇక్కడికి వచ్చాక మొదటి ఎండలు జూన్ మొదటివారంలో వచ్చాయి. 88 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన సెల్సియస్ లెక్కలో 31. ఒళ్ళు కాలిపోతోంది, నీళ్ళు నీలంగా మెరిసిపోతున్నాయి. నలుగురు స్నేహితులం సియాటిల్‌కూ బెల్‌వ్యూకూ మధ్య ఉన్న లేక్ వాషింగ్టన్ దగ్గరికి వెళ్ళాం, నేను చెక్క డాక్ మీద నుంచి ఒక్క దూకు దూకాను. నీళ్ళలో పడగానే ఎవరో గుండె మీద గుద్దినట్టయింది. నోరు దానంతటదే తెరుచుకుంది, నీళ్ళు మింగాను. చేతులు ఆడుతున్నాయి కానీ ఊపిరి నా చేతిలో లేదు, 'పట్టుకోండి' అని అరవడానికి గొంతు రాలేదు. డాక్ మీద ఉన్న ఒక అమెరికన్ పెద్దాయన పొడవాటి తెడ్డు నా ముందుకు చాపాడు. అది పట్టుకోకపోయుంటే ఇప్పుడు మీకు ఈ జవాబు రాసేవాణ్ణి కాదేమో. ఈత రాక కాదు. అంత ఎండలో నీళ్ళు అంత చల్లగా ఉంటాయని నాకు ఎవరూ చెప్పలేదు, అంతే.

దీన్ని ఇక్కడ కోల్డ్ షాక్ అంటారు. 60 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే (సుమారు 15 సెల్సియస్) చల్లగా ఉన్న నీళ్ళలో ఒక్కసారిగా మునిగితే శరీరం మన అనుమతి లేకుండానే ఒక పెద్ద ఊపిరి లాగుతుంది. ఆ క్షణంలో తల నీళ్ళలో ఉంటే లోపలికి పోయేది నీళ్ళే. ఆ తర్వాత ఒక నిమిషం దాకా కుక్కపిల్ల రొప్పినట్టు రొప్పుతాం. బీపీ, గుండె వేగం ఒక్కసారిగా పెరుగుతాయి. ఇక్కడ నీటి భద్రత నేర్పేవాళ్ళు 1-10-1 అనే లెక్క చెబుతారు: ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, చేతులూ కాళ్ళూ మన మాట వినేది పది నిమిషాలు, చలికి స్పృహ తప్పడానికి సుమారు ఒక గంట. చన్నీళ్ళలో చనిపోయేవాళ్ళలో చాలామంది ఆ గంట దాకా వెళ్ళరు, మొదటి నిమిషంలోనో ఆ తర్వాతి పది నిమిషాల్లోనో మునిగిపోతారు. లైఫ్ జాకెట్ ఉంటే ఆ మొదటి నిమిషం తల పైనే ఉంటుంది. అందుకే ఈత వచ్చినవాళ్ళు కూడా వేసుకోవాలంటాను.

ఇప్పుడు అసలు లెక్కలు. వైజాగ్‌లో మేలో సముద్రం నీళ్ళు 29, 30 సెల్సియస్ ఉంటాయి, గోరువెచ్చగా. సియాటిల్ పక్కనున్న సముద్రం, అంటే ప్యూజెట్ సౌండ్, ఆగస్టులో కూడా చాలా చోట్ల 55 ఫారెన్‌హీట్ దగ్గరే ఉంటుంది, అంటే 13 సెల్సియస్. ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బయట పెట్టిన నీళ్ళలా ఉంటుంది. పైన ఎంత ఎండ కాసినా వేడెక్కదు. కారణం దాని లోతు. హిమానీనదాలు తవ్వేసిన పొడవాటి లోయ అది, కొన్ని చోట్ల 280 మీటర్ల లోతు ఉంటుంది. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. ఇరుకు చోట్ల ఆ నీళ్ళు ఉరుకుతూ అడుగున ఉన్న చల్లని పసిఫిక్ నీళ్ళను పైకి కలిపేస్తూ ఉంటాయి. పైపొర వేడెక్కే అవకాశమే ఉండదు.

లేక్ అలా కాదు. అక్కడ పోటూ ఆటూ లేవు. వేసవిలో పైపొర ఎండకు వేడెక్కి పైనే నిలిచిపోతుంది. లేక్ వాషింగ్టన్, లేక్ సమామిష్ రెండూ జులై రెండోవారం నుంచి ఆగస్టు చివరిదాకా 70 దాటి ఉంటాయి, అంటే 21 నుంచి 24 సెల్సియస్. మన లెక్కలో చల్లనే, కానీ అయిదు నిమిషాల్లో అలవాటు పడతారు. అయితే ఆ వెచ్చదనం పైపొర వరకే. కాళ్ళు కిందికి వదిలితే మోకాళ్ళ దగ్గర ఒక ఉష్ణోగ్రత, పాదాల దగ్గర ఇంకొకటి తగలడం లోతైన చోట మామూలే. మే నెలలో, జూన్ మొదట్లో 85, 90 డిగ్రీల ఎండ వచ్చినా లేక్ మాత్రం ఇంకా 60 దగ్గర తచ్చాడుతూ ఉంటుంది. ఆ మొదటి ఎండల్లోనే ఎక్కువ ప్రమాదాలు. కాబట్టి ఫోన్‌లో వాతావరణం చూసి బయల్దేరకండి. కింగ్ కౌంటీ వాళ్ళు బీచుల నీటి ఉష్ణోగ్రతలు, పరీక్షల ఫలితాలు వేసవి అంతా వెబ్‌సైటులో పెడతారు, అది చూసి బయల్దేరండి.

నదుల సంగతి కూడా చెప్పేస్తాను. స్నోక్వాల్మీ, స్కైకోమిష్ నదులు ఫొటోల్లో ఎంతో అందంగా ఉంటాయి, వారాంతంలో మనవాళ్ళ గుంపులు అక్కడికే వెళతాయి. అది కొండల మీద కరిగిన మంచు. జూన్‌లో ప్రవాహం ఉధృతంగా ఉంటుంది, అడుగున కొట్టుకొచ్చిన చెట్లు ఉంటాయి. ఈ పిల్లలతో ఆ నదుల్లో దిగొద్దు. మన తెలుగు విద్యార్థులు అమెరికాలో నీళ్ళలో పోయిన వార్త దాదాపు ఏటా చదువుతున్నాం, చదివిన ప్రతిసారీ ఆ తల్లిదండ్రులు గుర్తొచ్చి నిద్ర పట్టదు.

ఇక మీ ఇంటి దగ్గర ఎక్కడికి వెళ్ళొచ్చో చెబుతాను. బెల్‌వ్యూలో మీకు దగ్గరది మేడెన్‌బావర్ బే పార్క్. డౌన్‌టౌన్ నుంచి నడిచి వెళ్ళొచ్చు, నీళ్ళ మీదికి కట్టిన వంపు తిరిగిన పొడవాటి నడక వంతెన (పియర్) ఉంది, పెద్దవాళ్ళు దాని మీద నడుస్తారు. కార్ ఉంటే న్యూకాజిల్ బీచ్ పార్క్ నాకు ఇంకా నచ్చుతుంది. బెల్‌వ్యూ బీచ్ పార్కుల్లో అదే పెద్దది, గడ్డి మైదానం, ఆటస్థలం, నీడ అన్నీ ఉన్నాయి. తాతయ్య, నానమ్మ రోజంతా కూర్చోగలిగే చోటు అది. కిర్క్‌లాండ్‌లో జువానిటా బీచ్ ఆరేళ్ళ బాబుకు సరైనది: ఇసుక అడుగు, చాలా దూరం దాకా లోతు పెరగదు, చుట్టూ చెక్క వంతెన ఉంటుంది కాబట్టి పిల్లలు ఎక్కడున్నారో కనిపిస్తూ ఉంటుంది. అయితే నీళ్ళు నిలకడగా ఉండటం వల్ల, బాతులు, గూస్‌ల వల్ల బ్యాక్టీరియా పెరిగి అప్పుడప్పుడూ మూసేస్తారు, ముందు చూసుకుని వెళ్ళండి. రెడ్మండ్‌లో ఐడిల్‌వుడ్, రెంటన్‌లో జీన్ కూలన్ పార్క్ కూడా బాగుంటాయి. ఎండ ఉన్న ఆదివారం పదకొండు దాటితే పార్కింగ్ దొరకదు, పదింటికల్లా అక్కడుండండి.

ఇసక్వాలోని లేక్ సమామిష్ స్టేట్ పార్కు చాలా పెద్దది, ఇసుక బాగుంటుంది, మనవాళ్ళ పిక్నిక్‌లు ఎక్కువగా అక్కడే జరుగుతాయి. స్టేట్ పార్కుల్లో కార్ పెట్టుకోవడానికి డిస్కవర్ పాస్ అనే పర్మిట్ కావాలి. కానీ స్టేట్ పార్కు బీచ్‌లో లైఫ్‌గార్డులు ఉండరు. ఈ తేడా చాలామందికి తెలియదు. సిటీ బీచుల్లో కూడా లైఫ్‌గార్డులు జూన్ చివర్లో మొదలై లేబర్ డేకి (సెప్టెంబర్ మొదటి సోమవారం) అటూఇటూగా ముగిస్తారు, అదీ మధ్యాహ్నం నుంచి సాయంత్రం వరకే. ఏ బీచ్‌లో ఏ తేదీ నుంచి అన్నది ఏటా మారుతుంది, ఆ సిటీ పార్క్స్ పేజీలో చూసుకోండి. పొద్దున్నే, లేదా రాత్రి ఎనిమిదింటికి ఇంకా వెలుగుంది కదా అని వెళితే లైఫ్‌గార్డు కుర్చీ ఖాళీగా ఉంటుంది.

తాడు కట్టి బంతులు వేలాడదీసిన గీత దాటొద్దు. లేక్ వాషింగ్టన్ కూడా హిమానీనదం తవ్విన గుంటే, 65 మీటర్ల దాకా లోతుంది. మన ఊరి చెరువులో గట్టు నుంచి మెల్లగా లోతు పెరిగినట్టు ఇక్కడ అన్నిచోట్లా పెరగదు. నడుము లోతులో నిలబడ్డవాళ్ళకు నాలుగు అడుగుల అవతల నేల అందకపోవచ్చు. దానికి తోడు మిల్‌ఫాయిల్ అనే నీటిమొక్క కొన్ని చోట్ల దట్టంగా పెరుగుతుంది, కాళ్ళకు చుట్టుకుంటే ఈత వచ్చినవాళ్ళు కూడా కంగారుపడతారు. అలా తగిలితే తన్నుకోకుండా వెల్లకిలా తేలి, చేతులతో మెల్లగా వెనక్కి రమ్మని పాపకు ఇప్పుడే నేర్పండి. పూల్‌లో ఈత వచ్చిన పిల్లల గురించే నాకు ఎక్కువ టెన్షన్. పూల్‌లో అడుగు కనిపిస్తుంది, గోడ అందుతుంది. లేక్‌లో ఆ రెండూ ఉండవు.

బాబుకు కోస్ట్ గార్డ్ ఆమోదం ఉన్న లైఫ్ జాకెట్ కొనండి, బరువును బట్టి సైజు ఉంటుంది. వేశాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే గడ్డం దాటి రాకూడదు. చేతులకు తొడిగే గాలి బుడగలు, బాతు బొమ్మల ట్యూబులు వద్దు, అవి గాలికి లోపలికి కొట్టుకుపోతాయి. చాలా బీచుల్లో లైఫ్ జాకెట్లు ఉచితంగా అరువిస్తారు, అమ్మానాన్నలకు అక్కడే తీసుకోవచ్చు. పాడిల్ బోర్డు, కయాక్ అద్దెకు తీసుకుంటే ఈ రాష్ట్రంలో పన్నెండేళ్ళు, అంతకన్నా తక్కువ వయసు పిల్లలు జాకెట్ వేసుకుని తీరాలని చట్టం. పెద్దలకు ఒక్కొక్కరికీ ఒక జాకెట్ దాని మీద ఉండాలి. ఉండటం కాదు, వేసుకోండి.

బట్టల విషయం ఎవరూ మాట్లాడరు, అందుకే నేను చెబుతున్నాను. మన ఆడవాళ్ళు చుడీదార్‌తో, కొన్నిసార్లు చీరతో నీళ్ళలో దిగుతారు. మగవాళ్ళు జీన్స్‌తో దిగుతారు. తడిసిన నూలు గుడ్డ బరువు, చున్నీ కాళ్ళకు చుట్టుకుంటుంది. ఒళ్ళు కప్పుకోవాలంటే ఫుల్ హ్యాండ్స్ రాష్ గార్డ్ (ఈతకు వేసుకునే బిగుతు చొక్కా), కాళ్ళ దాకా స్విమ్ లెగ్గింగ్స్ దొరుకుతాయి. ఎండ నుంచీ కాపాడతాయి, ఈదడానికీ అడ్డం కాదు. అమ్మగారు వచ్చేలోపు ఒక జత తెప్పించి పెట్టండి.

నీళ్ళు శుభ్రమేనా అని నాన్నగారు తప్పకుండా అడుగుతారు. ఒక సంగతి చెప్పండి ఆయనకు. 1950ల్లో లేక్ వాషింగ్టన్ చుట్టూ ఉన్న ఊళ్ళ మురుగునీరు శుద్ధి చేశాక కూడా దీంట్లోకే వచ్చేది. అందులోని భాస్వరం తిని నాచు పెరిగి, 1960ల మొదట్లో వేసవిలో ఒక మీటరు లోతు కూడా సరిగ్గా కనిపించేది కాదు. వాషింగ్టన్ యూనివర్సిటీలో డబ్ల్యు.టి. ఎడ్మండ్‌సన్ అనే శాస్త్రవేత్త ఆ కారణాన్ని కొలిచి, రాసి, జనానికి వివరించారు. 1958లో ఇక్కడి ఓటర్లు ఒప్పుకుని మెట్రో అనే సంస్థను ఏర్పాటు చేసుకున్నారు, 1968 నాటికి ఆ మురుగు మొత్తాన్ని లేక్ నుంచి మళ్ళించారు. కొన్నేళ్ళలోనే నీళ్ళు తేటపడ్డాయి. ఊరి జనం తమ డబ్బు పెట్టి ఒక చెరువును బతికించుకున్నారు. హుస్సేన్‌సాగర్‌ను చూసిన మనలాంటి వాళ్ళకు ఆ నీళ్ళలో దిగినప్పుడు అది గుర్తొస్తుంది, నాకైతే ప్రతిసారీ గుర్తొస్తుంది.

ఇప్పటికీ మూడు విషయాలు చూసుకోవాలి. పెద్ద వాన పడ్డాక రెండు రోజులు దిగొద్దు. నీటి మీద ఆకుపచ్చ పెయింట్ ఒలికినట్టు తెట్టు కనిపిస్తే పిల్లల్ని దగ్గరికి కూడా పోనివ్వొద్దు, కొన్ని రకాల నాచు కాలేయానికి విషం. మూడోది దురద. బాతులు, నత్తల మధ్య బతికే ఒక చిన్న పరాన్నజీవి పొరపాటున మన చర్మంలో దూరి చచ్చిపోతుంది, ఎర్రటి పొక్కులు వస్తాయి. ప్రమాదం కాదు, వారం పదిరోజుల్లో పోతుంది. నీళ్ళలోంచి రాగానే ఒంటి మీదే నీళ్ళు ఆరనివ్వకుండా టవల్‌తో గట్టిగా తుడిచేస్తే చాలావరకు రాదు.

పిల్లల్ని చూసుకోవడం గురించి. ఆరు కుటుంబాలు కలిసి వెళతాం, పులిహోర, మిర్చిబజ్జీ, మామిడికాయ ముక్కలు, కబుర్లు. పదిమంది పెద్దవాళ్ళు ఉన్నారు కదా అని ప్రతివాళ్ళూ అనుకుంటారు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అన్నట్టు, చివరికి ఎవరూ చూడరు. మునిగే పిల్లలు కేకలు వేయరు, చేతులు ఊపరు. నోరు నీటి మట్టంలో ఉంటుంది, తల వెనక్కి వాలుతుంది, నిటారుగా నిలబడి కనిపించని నిచ్చెన ఎక్కుతున్నట్టు ఉంటారు. ఇరవై ముప్ఫై సెకన్లలో అయిపోతుంది, చప్పుడు ఉండదు. మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం: మెడలో ఒక ఎర్ర ఈల వేసుకున్నవాళ్ళు పావుగంట సేపు నీళ్ళనే చూడాలి, ఫోన్ లేదు, ప్లేటు లేదు, మాట లేదు. పావుగంట కాగానే ఆ ఈల ఇంకొకరి మెడలో పడుతుంది. ఈత రాని బాబుకు ఇది కూడా చాలదు, ఒక పెద్దవాళ్ళు నీళ్ళలోనే చేయి చాపితే అందేంత దూరంలో ఉండాలి.

ఎవరైనా మునుగుతుంటే వెనక దూకొద్దు. వార్తల్లో ఒకరి కోసం ఇంకొకరు పోయినవి ఎన్నో. తెడ్డు, టవల్, చున్నీ, ఏదైనా చాపండి. లైఫ్ జాకెట్, ఖాళీ కూలర్ డబ్బా విసరండి, అది తేలుతుంది. 911కి ఫోన్ చేయమని ఒకరిని వేలుపెట్టి చూపించి చెప్పండి.

ఇక ఉప్పునీళ్ళు. ఆల్కై, గోల్డెన్ గార్డెన్స్ రెండూ సియాటిల్‌లోనే. ఇసుక, అవతల ఒలింపిక్ పర్వతాల మీద మంచు, జూన్‌లో తొమ్మిది దాటాక సూర్యాస్తమయం. తప్పకుండా తీసుకెళ్ళండి. అక్కడ లైఫ్‌గార్డులు ఉండరు, నీళ్ళు 55. చూడటానికి వైజాగ్ ఆర్కే బీచ్‌లా అలలు ఉండవు, పళ్ళెంలో నీళ్ళలా నిలకడగా ఉంటుంది. అలలు చూసి మనం భయపడటం నేర్చుకున్నాం, నిశ్చలంగా ఉన్న చన్నీళ్ళను చూసి భయపడటం మనకు ఎవరూ నేర్పలేదు. పిల్లలకు అడుగున రబ్బరు ఉన్న వాటర్ షూస్ వేయండి, రాళ్ళకు అంటుకున్న గుల్లలు కత్తుల్లా కోస్తాయి. వేసవి చివర్లో లయన్స్ మేన్ అనే ఎర్రటి జెల్లీ ఫిష్ ఒడ్డుకు కొట్టుకొస్తుంది, చచ్చిపడి ఉన్నా తాకొద్దు. ఓషన్ షోర్స్, లాంగ్ బీచ్ లాంటి అసలు పసిఫిక్ తీరానికి వెళితే చూడటం వరకే. చన్నీళ్ళతో పాటు అక్కడ లోపలికి లాగే ప్రవాహాలు కూడా ఉంటాయి. ఒడ్డున ఉన్న పెద్ద దుంగల మీద పిల్లల్ని ఎక్కించి ఫొటోలు తీయొద్దు, ఒక పెద్ద అల వస్తే టన్ను బరువున్న దుంగ కూడా దొర్లుతుంది.

పిల్లలు ఉప్పునీళ్ళలోనే ఈదాలని సరదా పడితే వెస్ట్ సియాటిల్ లింకన్ పార్కులో కోల్మన్ పూల్ ఉంది. 1941 నుంచి నడుస్తోంది. సముద్రం ఒడ్డునే, వెచ్చగా కాచిన ఉప్పునీళ్ళ యాభై మీటర్ల పూల్ అది. వేసవిలో మాత్రమే తెరుస్తారు. పార్కింగ్ నుంచి దాదాపు అరమైలు నడవాలి, నాన్నగారికి మోకాళ్ళ నొప్పులుంటే ఆలోచించుకోండి.

అమ్మగారి సముద్ర స్నానానికి నా సలహా టకోమా దారిలో ఉన్న డాష్ పాయింట్ స్టేట్ పార్కు. ఆటు సమయంలో అక్కడ సముద్రం చాలా దూరం వెనక్కి పోతుంది, ఇసుక మైదానం బయటపడుతుంది. ఇక్కడ వేసవిలో బాగా కిందికి పోయే ఆటులు పగటిపూట, మధ్యాహ్నానికి అటూఇటూగా వస్తాయి. ఆ ఇసుక రెండు మూడు గంటలు ఎండకు కాగుతుంది, తర్వాత పోటు ఆ వేడి ఇసుక మీదుగా పల్చగా తిరిగి వస్తుంది. ఆ పల్చటి నీళ్ళు మాత్రం వెచ్చగా ఉంటాయి. ఎవరెట్ దగ్గర జెట్టీ ఐలండ్‌లో కూడా ఇంతే, జులై మొదటి నుంచి లేబర్ డే దాకా పడవ నడుస్తుంది, కానీ పెద్దవాళ్ళకు డాష్ పాయింటే సులువు. టైడ్ పట్టికలో సియాటిల్ లేదా టకోమా చూసుకుని, మధ్యాహ్నం ఆటు ఉన్న ఎండరోజు ఎంచుకోండి. ఆటు అయిన రెండు గంటలకు అక్కడుంటే చాలు.

బీపీ మాత్రలు వాడుతుంటే ముందు డాక్టర్‌ను అడగండి. మీరు, మీ ఆవిడ చెరో చేయి పట్టుకుని మోకాళ్ళ లోతు దాకే వెళ్ళండి. ముందు చేతులకు, మొహానికి, మెడకు నీళ్ళు చల్లుకోమనండి, అయిదు నిమిషాలు అలా నిలబడనివ్వండి. సంకల్పం చెప్పుకుని అక్కడే కూర్చుని చెంబుతో మూడుసార్లు తల మీద పోసుకుంటే స్నానం అయినట్టే, మునగక్కర్లేదు. మా అమ్మ అలాగే చేసింది. ఒడ్డున ఫ్లాస్కులో వేడి కాఫీ, పొడి చీర, పెద్ద టవల్ సిద్ధంగా ఉంచాం. చెంబు ఇంటి నుంచే తీసుకెళ్ళండి, మేం మర్చిపోయి నీళ్ళ సీసాతో సరిపెట్టుకోవలసి వచ్చింది, అమ్మకు అది ఇప్పటికీ చిన్న వెలితి.

వాళ్ళు వచ్చే తేదీలు చెప్పండి, ఆ వారంలో ఆటుపోట్ల వేళలు చూసి ఏ రోజు బాగుంటుందో రాస్తాను.